సింధూరం అంటిన చిప్ప

జులై 12, 2023, బుధవారం. 19

నిన్న నువ్వన్నది తప్పు, ఎస్తేరూ. "అవ్వా, మీ చేతిల ఏమో ఉన్నది, మా అమ్మ తీసినా పాలు గిట్ల తియ్యగ రావు" అన్నావు. నా చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా నీళ్ల వేడిలో ఉంది. చన్నీళ్లు పోసి మిక్సీ తిప్పితే కొబ్బరి తన పాలు తానే దాచుకుంటుంది. కాగే నీళ్లు పోస్తే విరిగి నూనె తేలుతుంది. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి, అంతే.

ముప్పై నాలుగేళ్లు పిల్లల పుస్తకాలు దిద్దినదాన్ని. తప్పు కనబడితే ఎర్ర సిరా వెతుక్కుంటాను. కానీ నీ ఎదుట దిద్దలేదు. మెచ్చుకోలు కదా, నవ్వి ఊరుకున్నాను. అందుకని ఇక్కడ దిద్దుకుంటున్నాను, నువ్వు చదవని చోట.

ఎస్తేరుకు ఐదో నెల వచ్చినా వాంతులు ఆగలేదు. బర్రెపాలు పొయ్యి మీద పెడితే చాలు, పెరట్లోకి పరుగు. నోరంతా పూత. దవాఖానలో డాక్టరమ్మ, ఏది ఇమిడితే అది పెట్టండి అని చేతులు దులుపుకుంది. ఇమిడింది ఇదొక్కటే. చిప్పను పెంకు వైపు సన్నని మంట మీద వేడి చేస్తాను, కొబ్బరి పెంకును వదిలేస్తుంది. వెనక గోధుమ రంగు తొక్కంతా చెక్కేస్తాను. ముక్కలు కోసి, నీళ్లు పోసి, మెత్తగా తిప్పి, ఆయన పాత ధోవతి గుడ్డలో వేసి పిండుతాను. మొదటిసారి పిండినవి చిక్కని పాలు, ఎస్తేరుకు. రెండోసారి పిండినవి పలుచనివి, నాకూ మనవడు నరేష్‌కూ అన్నంలోకి. పిప్పి వేయించి కారప్పొడిలో కలుపుతాను. ఏదీ పారేసేది లేదు.

తొక్క చెక్కకపోయినా రుచికేం తేడా ఉండదు. నేను చెక్కుతాను.

జులై 13. 20

గ్లాసు నిండా తాగింది. కక్కలేదు.

జులై 15, శనివారం. 22

సాయంత్రం బిక్షమ్మ వచ్చింది. ఆంజనేయస్వామి గుడిలో భక్తులు కొట్టిన కాయల చిప్పలు ఏరుకునే హక్కు ఈ ఏడు ఆమె మగడు వేలం పాటలో పాడుకున్నాడు. సగం చిప్ప భక్తుడికి, సగం గుడికి, గుడికి మిగిలినదంతా వీళ్లకు. మంగళవారం, శనివారం గోనెలకు ఎత్తి హోటళ్లకు పంపుతారు. ఈ ఊళ్లో ఎవరు ఎక్కడ ఇడ్లీ తిన్నా అందులోకి స్వామివారి చట్నీయే. ఆ సంగతి తెలియనివాళ్లు ఆ హోటళ్లలో కూర్చుని దేవుడున్నాడా లేడా అని వాదించుకుంటారు.

"పంతులమ్మా, నీకని మంచియి ఏరిన. సెందూరం అంటనియి" అని గుమ్మంలోనే గట్టిగా అంది.

"మెల్లగ మాట్లాడు."

"ఎందుకే, దొంగతనం జేస్తున్నమా?"

"లోపల పిల్ల పండుకున్నది."

సాయంత్రం ఆరు గంటలు. ఎస్తేరు లోపల గురుకులం పిల్లల లెక్కల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను గీతల చప్పుడు నాకే వినబడుతోంది.

మోకాళ్లు బాగా లేవు. మార్కెట్ దాకా పోలేను. ఈ మెట్ట ప్రాంతంలో మేం కూరల్లో వేసుకునేవి పల్లీలు, నువ్వులు. కొబ్బరి ఇంట్లోకి వచ్చేది దేవుడి దగ్గరి నుంచే. అందుకని బిక్షమ్మతో తెప్పిస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

జులై 18, మంగళవారం. 25

ఈ డైరీలో ఒక మాట రాసిపెట్టుకోవాలి, తర్వాత ఎవరూ కాదనకుండా. నరేష్ ఎస్తేరును చేసుకుంటానన్నప్పుడు నా కొడుకు "నేను రాను" అని ఫోన్ పెట్టేశాడు. కోడలు మూడు రోజులు ఏడ్చింది. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సాక్షి సంతకం పెట్టింది నేను. అక్షింతలు వేసింది నేను. పిల్ల గురుకులంలో ఉద్యోగం చేస్తోంది, ఇక్కడే ఉండండి అని ముందు గది ఖాళీ చేసి ఇచ్చింది నేను. కులం లేదు, మతం లేదు అని బడిలో ముప్పై నాలుగేళ్లు చెప్పినదాన్ని. అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా.

కాపురానికి వచ్చిన మొదటి నెలలో గుడి నుంచి వచ్చి చిన్న కొబ్బరి ముక్క చేతిలో పెట్టబోతే ఎస్తేరు రెండు చేతులూ జోడించింది. "అవ్వా, ఏమనుకోకుండ్రి. దేవునికి పెట్టినయి మేము తినం. మీరు తినుండ్రి, నాకేం తకరారు లేదు." ఎంత మర్యాదగా చెప్పిందో అని మా వీధి వీధంతా చెప్పుకున్నాను.

పాలు తీసిన మొదటి రోజు అడిగింది కూడా. "ఈ కాయలు ఏడియవ్వా?"

అంగడివే అన్నాను.

అబద్ధం కాదు. ఏ కాయైనా గుడికి పోకముందు అంగడిదే.

జులై 20. 27

రెండు గ్లాసులు.

జులై 22, శనివారం. 29

మూడు రోజులుగా ముసురు. బిక్షమ్మ గోనె కప్పుకుని వచ్చింది, నెత్తి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. తడిసిన చిప్పలు తుడుచుకుంటూ కూర్చున్నాను. నరేష్ వచ్చి, "అవ్వా, ఇంత వానల ఆమెను ఎందుకు తిప్పలవెడ్తవు? రేపటిసంది నేనే పూర్తి కాయలు తెస్త" అన్నాడు.

"నీకు కాయ ఏరుడు వస్తదా? పోయిన ఉగాదికి తెచ్చినవు రెండు, రెండూ కుళ్లినయే."

"ఊపి చూసుడే కద."

"ఊపుడు కూడ ఒక చదువే. నీకు ఆ డిగ్రీ లేదు."

నవ్వుకుంటూ పోయాడు, ఆ చిప్పలు ఎక్కడివో అడగకుండానే. నేను నవ్వలేదు. ఒక మాటకు నాలుగు మాటలు ఎందుకన్నానో నాకు తెలుసు. ఈ అంకె తెగకూడదు.

ఎస్తేరు వాళ్లమ్మ మంగళవారం వస్తుందట, బిడ్డను చూసుకోవడానికి. జానమ్మ. ఐదో తరగతిలో నా దగ్గర చదువుకుంది. ఇప్పటికీ కనబడితే "టీచరమ్మా" అని లేచి నిలబడుతుంది. యాభై దాటిన మనిషి అలా నిలబడితే చూడటానికి బాగుండదు, మనసుకు మాత్రం బాగానే ఉంటుంది.

జులై 25, మంగళవారం. 32

రాయాలి. ఈ రోజు రాయకపోతే ఇక రాయను.

జానమ్మ పదిన్నర బస్సుకు వచ్చింది. ఒక సంచిలో సద్దరొట్టెలు, ఒక సంచిలో చింతచిగురు. వచ్చీ రాగానే కొంగు బిగించి వంటింట్లోకి వచ్చింది.

"టీచరమ్మా, మీరు కూసోండ్రి. పాలు నేను పిండుత. నా బిడ్డ ఫోన్ల ఒక్కటే చెప్పుడు, అవ్వ పాలు, అవ్వ పాలు అని. నాకు ఈర్ష్య గూడ అయింది."

"ఈర్ష్య ఎందుకు, నేర్చుకో" అన్నాను. టీచరును కదా.

పొద్దటి గ్లాసు అప్పటికే అయింది; రెండో గ్లాసుకు చిప్పలన్నీ చెక్కి ఉంచాను. పెంకులు మాత్రం నీళ్లు కాగబెట్టే పొయ్యి పక్కన తట్టలో వేసి ఉంచుతాను, ఎండితే బాగా మండుతాయి. జానమ్మ పొయ్యి వెలిగించడానికి ఆ తట్టలో చెయ్యి పెట్టింది. ఒక పెంకు తీసింది. వెనక్కి తిప్పింది. అంచున, మంట తగలని చోట నారింజ రంగు మరక, నూనె సింధూరం, ఇంకా జిగటగా ఉంది. ఆంజనేయస్వామి ఒంటి మీద తప్ప ఆ రంగు ఈ ఊళ్లో ఇంకెక్కడా ఉండదు.

"కాయలు ఏడియి టీచరమ్మా?"

"బస్టాండు కాడి కొట్టులయి."

ఆమె బొటనవేలితో మరక రుద్దింది. వేలు తిప్పి నాకు చూపించింది. ఎరుపు కాదు, పసుపు కాదు. నేను మిక్సీ మూత సరిచేశాను. మూత సరిగ్గానే ఉంది.

పొయ్యి వెలిగించకుండానే అంది. "మీరు నాతోని ఇంపోజిషను రాయించిన్రు, యాదికున్నదా?"

"ఎందరితోనో రాయించిన."

"నాతోని నూరుసార్లు. 'నేను ఇక అబద్ధం చెప్పను' అని. పలక మీద కాదు, నోటుబుక్కుల. కొత్త బుక్కు సగం ఒడిసిపాయె. మా నాయిన కొట్టిండు."

యాదికి వచ్చింది. వినాయక చవితి మరునాడు బడిలో కాయ కొట్టి పిల్లలందరికీ ముక్కలు పంచాను. తిన్నవా అని వరుసగా అడిగాను. ఈమె తిన్ననంది. లేచి నిలబడితే లంగా కుచ్చెళ్లలో నుంచి ముక్క జారి నేల మీద పడింది. తరగతంతా నవ్వింది. నేను కూడా.

"అబద్ధం చెప్పినవు కాబట్టి రాయించిన" అన్నాను. ఇప్పుడు కూడా గొంతు అలాగే వచ్చింది, బెత్తం చేతిలో ఉన్నట్టు.

"చెప్పిన. కాదంటలేను. దేవునికి కొట్టింది తింటే మా అమ్మకు గుస్స. తిననంటే మీకు గుస్స. పదేండ్ల పిల్లను, ఏం జేయాలె? అబద్ధం చెప్పిన. కానీ టీచరమ్మా, ఎందుకు తినలేదని మీరు ఒక్కపారన్న అడగలే."

నేను కోసిన ముక్కలు గిన్నెలోకి ఎత్తాను.

"నా బిడ్డ మిమ్ముల అడిగిందా, కాయలు ఏడియని?"

"అడిగింది."

"అడిగినంక గూడనా?"

పెంకును తట్టలో వేసింది, మరక కనబడేలా, పైకి. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ మెల్లగా అంది. "దానికి నేను చెప్ప. మిమ్ముల అవ్వ అనుకుంట తిరుగుతది. ఆ మాట దాని నోట్ల నుంచి నేనెట్ల తీసేత్తు? మీరే చెప్పుండ్రి." ఆ తర్వాత, గుమ్మం దగ్గర, "దానికి ఆకలైతాంది" అంది.

పాలు నేనూ పిండలేదు, ఆమె కూడా పిండలేదు. కోసిన ముక్కలు గిన్నెలోనే ఉన్నాయి.

జులై 26, బుధవారం

జానమ్మ తొలి బస్సుకు వెళ్లింది, పత్తి కలుపు ఉందని. పోతూ లేచి నిలబడలేదు. అప్పటికే నిలబడే ఉంది అనుకోండి. అయినా నాకు తేడా తెలిసింది.

నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను. నేను ఇక అబద్ధం చెప్పను.

ఏడు. వేళ్లు పీకుతున్నాయి. పదేండ్ల పిల్లతో నూరు రాయించాను.

ఎస్తేరు అడిగితే "కొబ్బరి అయిపోయింది" అన్నాను. పైన ఏడుసార్లు రాసిన రెండు గంటలకు.

జులై 27, గురువారం

తారీఖు పక్కన అంకె రాయడం మానేశాను. అదేమిటో రాస్తాను.

మోకాళ్ల కోసం కాదు. నరేష్‌కు కాయ ఏరడం రాదని కాదు. జూన్ 24న, శనివారం, బిక్షమ్మ ఊరికే రెండు చిప్పలు ఇచ్చి పోయింది. పాలు తీస్తుంటే నాకు ఆ ఆలోచన వచ్చింది. నలభై ఒక్క రోజులు. మండలం. నేను చేయలేని దీక్ష ఆ పిల్ల కడుపు చేస్తుందని. గుడ్డ పిండే ప్రతిసారీ పెదవులు కదలకుండా స్వామి పేరు తలచుకున్నాను. పుట్టేవాడు ఏ పేరుతో పెరిగినా, ఎవరి ప్రార్థనకు పోయినా, లోపల మావాడుగా ఉంటాడని. పేరు కూడా అనుకున్నాను. ఇక్కడ రాయను.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టిన చెయ్యే అది.

ఇప్పుడు ఇంకొకటి. మంగళవారం నుంచి పిల్ల కడుపులో ఏమీ నిలవడం లేదు. గంజి తాగింది, పోయింది. అటుకులు, పోయాయి. ఈ పొద్దు గురుకులానికి సెలవు పెట్టింది. చెంపలు లోపలికి పోయాయి. కడుపులో ఉన్నది నా మండలం కాదు, ఒక బిడ్డ. చెప్పి పాలు ఆపాలా, చెప్పకుండా పాలు పిండాలా అని ఆలోచిస్తున్నాను. చెప్పి, పాలు పిండటం అన్నది నాకు మూడు రోజులుగా తట్టనే లేదు.

జులై 28

చెప్పలేదు. గురుకులం నుంచి ఎవరో వచ్చారు, ఆమె దగ్గర కూర్చున్నారు. వాళ్లు పోయాక చెబుదామనుకున్నాను. వాళ్లు నాలుగింటికే పోయారు.

జులై 29, శనివారం

బిక్షమ్మను గుమ్మంలోనే తిప్పి పంపాను.

"ఏమాయె? సెందూరం లేనియే తెచ్చిన గద!"

"ఉన్నా లేకున్నా వద్దు. ఇంక తేకు."

"నువ్వే గద రోజు రోజు కావాల్నంటివి. నలభై ఒక్కటి గావాలె అంటివి."

గట్టిగానే అంది. ఈసారి మెల్లగా మాట్లాడమనలేదు. వెనక్కి తిరిగేసరికి ఎస్తేరు ముందు గది గుమ్మంలో నిలబడి ఉంది, గోడ పట్టుకుని.

చెప్పాను. వరుసగా, దాటవేయకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు. చిప్పలు గుడివి. మొదటి రోజు నుంచీ. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. మోకాళ్లవల్ల కాదు, మండలం కోసం.

"ఎన్ని రోజులు?"

"ముప్పై రెండు."

లెక్కల టీచరు. తీసివేత చేయడానికి ఆమెకు ఎంతసేపు. "ఇంక తొమ్మిది ఉండె" అంది.

కూర్చుంది. నేను నీళ్లు ఇవ్వబోయాను. చెయ్యి చాపలేదు.

"తెలువక తాగిన. అది నాకూ దేవునికీ మధ్యల. నేను మాట్లాడుకుంట. కానీ నేను మిమ్ముల అడిగిన. నోరు తెరిచి అడిగిన. అంగడియే అన్నరు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును. "అది మీకూ నాకూ మధ్యల."

తలుపు వేసుకుంది.

జులై 30, ఆదివారం

ప్రార్థనకు పోయి వచ్చింది. నడవలేని పిల్ల, నరేష్ బండి మీద. పొద్దంతా రెండు బిస్కెట్లు.

నరేష్ చాలాసేపు వాకిట్లో బండి తుడిచాడు. తుడిచిందే తుడిచి, నా వైపు చూడకుండా అన్నాడు. "బాపు పెండ్లికి రాలే. రానని నాకు మొకం మీద చెప్పిండు. ఆయనతోని కొట్లాడిన, అయిపాయె. నీతోని ఎట్ల కొట్లాడాలె? నువ్వు సంతకం పెట్టినవు."

నా కొడుకు నాకంటే నయమని మొదటిసారి అనిపించింది. ఈ వాక్యం వాడు ఎన్నడూ చదవకూడదు.

సద్దరొట్టె ఒకటి మిగిలి ఉంటే నేనే తిన్నాను. గట్టిపడింది. నమిలేకొద్దీ జానమ్మ యాదికి వచ్చింది.

జులై 31, సోమవారం

సాయంత్రం వంటింట్లో చప్పుడైంది. పోయి చూస్తే ఎస్తేరు మిక్సీ గిన్నె కడుగుతోంది. రెండుసార్లు కడిగింది, మూడోసారి కూడా. పాత ధోవతి గుడ్డ పక్కకు పెట్టింది. తన సంచి నుంచి కొత్త తెల్ల రుమాలు తీసింది.

నేను గుమ్మంలో నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి.

"నీళ్లు ఎంత వేడి ఉండాలె?" అంది. చివర అవ్వా అనలేదు.

"వేలు పెడితే ఓర్చుకోవాలె" అన్నాను.

"ఎవరి వేలు?"

"నీ వేలే."

తల ఊపింది. "కాయలు నేను కొడత. ఇంట్లనే. మీరు చూస్తే చాలు, తప్పుంటే చెప్పుండ్రి. ముట్టకుండ్రి." రుమాలు తడిపి పిండుతూ, "మా అమ్మకు గూడ మీరే ఫోన్ జేసి చెప్పుండ్రి. చెప్పిన అని" అంది.

చేశాను. జానమ్మ అంతా వింది. "దానికి ఆకలి తీరిందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "అయితే ఇంక నాతోని ఏం మాట్లాడుతున్నరు టీచరమ్మా, జల్ది కాయలు తెప్పియ్యుండ్రి" అని పెట్టేసింది.

రేపు పొద్దున నరేష్ చొక్కా జేబులో పెట్టాల్సిన చీటీ. పారేసుకుంటాడు కాబట్టి ఇక్కడ నకలు:

నరేష్, బస్టాండు దగ్గర కొట్టులో నాలుగు కాయలు. గుడి వైపు కొట్లలో వద్దు. చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల నీళ్లు నిండుగా కదలాలి. పలచగా మోగితే ముదిరింది, అసలే మోగకపోతే తీసుకోకు. కళ్ల దగ్గర తేమ, బూజు ఉండకూడదు. పీచు పూర్తిగా తీయించకు, పైన కుచ్చు ఉంచమను. కొట్టువాడు కొట్టి ఇస్తానంటే వద్దను. ఇంటికి తెచ్చాక నా చేతికి ఇవ్వకు. ఎస్తేరుకు ఇవ్వు. ఆమె పడుకుని ఉంటే బల్ల మీద పెట్టి పో, నేను ముట్టను. కాయ కొట్టే రాయి కడిగి పెరటి గట్టు మీద ఆరబెట్టాను, లోపలికి తెచ్చి పెట్టు.